ఎవరి తప్పు వాళ్ళే చదవాలి

సోమవారం పొద్దున తాయారు వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికల్లా వంట ముగించాలి. ముందు గదిలోని రెండు బీరువాల్లోంచీ మూడువందల పన్నెండు పుస్తకాలు కిందికి దించాలి. దుమ్ము దులిపి, అట్టలు ఊడినవాటికి మైదా జిగురు పూసి, కాస్త ఎండ చూపించి, సాయంత్రానికి నంబర్ల వరసన మళ్ళీ సర్దేయాలి. ఈ శనివారం కాక పై శనివారం శ్రీకాకుళం నుంచి గ్రంథాలయాల తనిఖీకి అధికారి వస్తున్నాడు.

తోటపేటలో ఆ ముందు గదిని అందరూ పుస్తక కేంద్రం అంటారు. ఏడేళ్ళ కిందట ఒక చెక్కపెట్టెలో నలభై పుస్తకాలు వస్తే, పెట్టుకోవడానికి ఊళ్ళో ఎవరికీ చోటు లేకపోయింది. టెక్కలిలో ఎనిమిదో తరగతి దాకా చదివిన తాయారు, "మాయింట పెట్టండి. మాకు ముందు గది ఖాళీగానే ఉన్నాది" అంది. ఆ నలభైని ఆమె మూడువందల పన్నెండు చేసింది. మధ్యాహ్నం పనులయ్యాక ఆడవాళ్ళు కొంగు చాటున పుస్తకం తెచ్చి, కొంగు చాటునే ఇంకొకటి పట్టుకెళ్ళేవారు. పిల్లలు పుట్టలేదని ఎవరైనా జాలిపడితే తాయారు నొచ్చుకునేది కాదు గానీ, పుస్తకం మూల మడిచి తిరిగిస్తే మాత్రం రెండు రోజులు మాట్లాడేది కాదు.

అధికారి రాసిన ఉత్తరంలో రెండు సంగతులున్నాయి. తనిఖీ బాగా జరిగితే కేంద్రాన్ని శాఖా గ్రంథాలయం చేస్తారు. రెండోదాన్ని తాయారు అప్పటికి పదిసార్లు చదివింది. 'మీ కేంద్రముపై ఇప్పటికి రెండు ఫిర్యాదులు అందినవి. మూడవది అందినచో పుస్తకములను, దినపత్రికను వేరొక గ్రామమునకు తరలించెదము.'

మొదటి ఫిర్యాదు తాయారు మొగుడు నారాయణమూర్తి రాసింది. రెండోది తాయారు అన్న సోములు రాసింది.

నారాయణమూర్తి ధర్మసభ మనిషి. దేశాన్ని ధర్మం ప్రకారమే పాలించాలనీ, ఎడమ బీరువాలోని ఎర్ర అట్టల పుస్తకాలు పిల్లల్ని పాడుచేస్తున్నాయనీ ఆయన ఫిర్యాదు. సోములు రైతుకూలీ సంఘం మనిషి. మతమే అన్ని అనర్థాలకూ మూలమనీ, కుడి బీరువాలోని పురాణాలు జనాన్ని నిద్రపుచ్చుతున్నాయనీ ఆయన ఫిర్యాదు. ఇద్దరికీ పక్కపక్కనే పొలాలు. ఒకర్నొకరు బావా అనుకుంటారు. ఆ బావా అనే మాటలో ఎంత విషం పట్టగలదో తెలియాలంటే ఎనిమిదిన్నరకి తాయారు అరుగు దగ్గరికి వెళ్ళాలి.

ఎనిమిదిన్నరకి టెక్కలి బస్సువాడు పేపరు పడేసి పోయేవాడు. చదువు రానివాళ్ళు ఇరవైమంది దాకా అరుగు మీద చేరేవారు. ఒకరు పైకి చదివితే అందరూ వినేవారు. సోమ, బుధ, శుక్రవారాలు నారాయణమూర్తి. మంగళ, గురు, శనివారాలు సోములు. ఆదివారం బస్సు లేదు.

నారాయణమూర్తి చదివే రోజున ప్రపంచంలో తప్పులన్నీ పరాయివాళ్ళు చేసేవారు. ఏదో దేశంలో ఒక ముల్లా ఆడపిల్లల బడి మూయించాడంటే ఆ వార్త రెండుసార్లు చదివేవాడు. ఒక స్వామీజీ వితంతువులు తన సభకు రాకూడదన్నాడంటే పేజీ తిప్పేసేవాడు. ఎవరైనా అడిగితే, "అది సంప్రదాయం. దానికీ దీనికీ పోలికేటి?" అనేవాడు. సోములు రోజున ఆ స్వామీజీ ఊరి పొలిమేర దాకా వినిపించేవాడు. ముల్లా దగ్గరికి వచ్చేసరికి సోములు గొంతు తగ్గించి, "అది ఆళ్ళ లోపలి యవ్వారం. తక్కువమంది ఉన్నోళ్ళని మనం అనకూడదు" అనేవాడు. ఆ ఏడు, అంటే అరవై ఎనిమిది ఆగస్టులో, రష్యా ట్యాంకులు చెకోస్లొవేకియాలో దిగిన సంగతి వారం రోజులపాటు మొదటి పేజీలోనే ఉంది. సోములు చదివిన రోజుల్లో తోటపేటకి ఒక్క ట్యాంకూ రాలేదు.

ఆ సోమవారం నారాయణమూర్తి చదువుతున్నాడు. ఉత్తరాదిలో ఏదో ఊళ్ళో దేవుడి ఊరేగింపు మీద రాళ్ళు పడ్డాయట. భావనపాడు నుంచి చేపల గంప తెచ్చి, మెడ నొప్పి తీరడానికి అరుగు చివర కూర్చునే కూర్మమ్మ, తలమీది చుట్టకుదురు తీసి ఒళ్ళో పెట్టుకుని అంతా విన్నది.

"బాబూ, శనివారం నాడు సోములు బాబు సదివినప్పుడు ఊరేగింపోళ్ళే కొట్లు తగలెట్టినారు గదా? ఇయ్యాల ఆళ్ళే దెబ్బలు తిన్నారేటి? ఒకే ఊరా, రెండూళ్ళా?" అని అడిగింది.

"ఒకే ఊరే."

"మరి మద్దిన ఏటి జరిగినాదో అది ఏ రోజున సదూతారు?"

"ఆదివారం జరిగుంటాదే," అన్నాడు పక్కన కూర్చున్న అసిరయ్య. "బస్సు నేదు కదా, అందుకే మనకి తెల్నేదు."

అరుగంతా నవ్వింది. నారాయణమూర్తి మొహం ఎర్రబడింది. బావ ఎక్కడ తప్పు చదువుతాడో చూడ్డానికి వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డ సోములు నవ్వి ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"సగం సదివి సగం మింగేసేవోడివి, నీకు ధరమం ఎందుకు బావా?"

"ట్యాంకులు మింగేసినోడివి నువ్వా నాకు సెప్పేది? ఇయ్యాలే రాస్తాను శ్రీకాకుళానికి."

"నీకంటే ముందు నేను రాస్తాను. పెన్నుందేటి నీకాడ? నేకపోతే నాది తీసుకో."

తాయారు చేతిలోని జిగురు గిన్నెతోనే బయటికి వచ్చింది. ఇద్దరి మధ్యా నిలబడింది.

"రాయండి. ఇద్దరూ రాయండి. పుస్తకాలు పోతాయి, పేపరూ పోతాది. రేపటినుంచి ఎనిమిదిన్నరకి ఇద్దరూ ఒకరి మొహం ఒకరు సదూకోండి."

పేపరు పోతుందన్న సంగతి బావలిద్దరికీ అప్పటిదాకా తట్టలేదు. పెన్నులు జేబుల్లోకి వెళ్ళిపోయాయి. ఆ వేడిలోనే తాయారు ఒక అట్ట ముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి, అదే జిగురుతో తలుపుకి అంటించింది. 'ఇక్కడ ఎవరి మతం తప్పు వాళ్ళే చదవాలి. ఎవరి పార్టీ తప్పు వాళ్ళే చదవాలి. మిగిలినవాళ్ళు వినాలి.'

తన బుర్ర మీద తనకే గౌరవం కలిగింది తాయారుకి. అది ఒకరోజు నిలిచింది.

మంగళవారం సోములు పేపరు తిరగేసి, మరగేసి, "మా వేపు తప్పేటీ లేదు" అని మడిచేశాడు. బుధవారం నారాయణమూర్తి వాతావరణం, బంగారం ధర చదివి, "ఇయ్యాలకి ఇంతే" అన్నాడు. పొలం పనులు మానుకుని వచ్చిన జనం గొణిగారు. "రెండు రోజుల్నుంచీ లోకంలో ఎవులూ ఏ తప్పూ సేత్తన్నట్టు నేదు" అంది కూర్మమ్మ దిగులుగా.

గురువారం ఆస్పత్రి కాంపౌండరు జీవరత్నం ముందుకొచ్చాడు. ప్రతి ఆదివారం టెక్కలి చర్చికి సైకిలు మీద వెళ్ళివచ్చే మనిషి. బావలిద్దరూ కొట్టుకుంటుంటే పక్కన కూర్చుని చిరునవ్వు నవ్వడం ఆయనకి అలవాటు. "మాకు ఈ గొడవలు లేవమ్మా, నేను సదూతాను" అని మొదలుపెట్టాడు. మూడో పేజీలో ఉన్నట్టుండి ఆయన బొటనవేలు ఒక మూలకి జరిగి అక్కడే నిలిచిపోయింది.

"ఆ మూల ఏటున్నాది బాబూ, వేలెట్టి మూసేసినావు?" అంది కూర్మమ్మ. ఆవిడకి అక్షరాలు రావు గానీ వేళ్ళు బాగా చదువుతుంది.

తాయారు వంగి చూసింది. ఐర్లండులో ఒకే ఏసుక్రీస్తును కొలిచే రెండు వర్గాల మధ్య గొడవలు, లాఠీలు, రాళ్ళు. "అది మతం కాదమ్మా, రాజకీయం" అని కాంపౌండరు ఇంజెక్షన్ల వేళైందని వెళ్ళిపోయాడు.

శుక్రవారం బావ వంతే అయినా, సోములు తలంటుకుని, నుదుట నిలువు నామం పెట్టుకుని అరుగెక్కాడు. జనం జరిగి దారిచ్చారు.

"సెల్లీ, నీ అట్ట మీద ఏటి రాసున్నాది? ఎవరి మతం తప్పు వాళ్ళే సదవాలి. నేను నిన్న రామమందిరం కమిటీలో సేరిపోనాను. పూజారి జగన్నాధం గారు పేరు రాసుకున్నారు. ఇప్పుడు స్వామీజీ నావోడు. సదివేస్తాను, కాసుకో."

సదివేశాడు. నాలుగు రోజుల ఆకలి తీరేలా చదివాడు. నారాయణమూర్తి పళ్ళు నూరుతూ విన్నాడు. సాయంత్రం రైతుకూలీ సంఘం పాకకి వెళ్ళి, సభ్యత్వం రాయించుకుని, మెడలో ఎర్ర తువ్వాలు వేసుకుని ఇంటికొచ్చాడు. తాయారు కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళిచ్చి, తువ్వాలు వంక చూసింది. శనివారం ఆయన, బావ వంతు అయినా సరే, పేపరు లాక్కుని ట్యాంకులన్నిటినీ తోటపేటలోకి తోలాడు.

ఇంతటితో ఆగితే తాయారు తట్టుకునేది. కానీ సభ్యుడన్నాక పని ఉంటుంది. మందిరంలో తరవాతి బుధవారం ఏకాహం పెట్టారు. ఇరవైనాలుగు గంటలు ఆగకుండా భజన జరగాలి. ప్రతిసారీ తెల్లారుజామున పాడేవాళ్ళు నిద్రకి తూలి, భజన ఆగిపోయి, జగన్నాధం గారొక్కరే గొంతు చించుకునేవారు. కొత్త సభ్యుడు సోములు ఆ పద్ధతి సాగదన్నాడు. పాడేవాళ్ళని మూడు జట్లు చేసి, ఎనిమిది గంటలకి మించి ఎవరి చేతా తాళం వేయించకూడదని తీర్మానం చేశాడు. జట్టు మారేటప్పుడు గంట కొట్టించాడు. మధ్యలో మజ్జిగ. ముప్ఫై ఏళ్ళలో తొలిసారి ఏకాహం ఆగకుండా జరిగింది. "మన సంఘం పద్ధతిరా బాబూ, దేవుడిక్కూడా పనికొచ్చినాది" అని సోములు మురిసిపోయాడు. జగన్నాధం గారు ఆయన మెడలో దండ వేస్తే వద్దనలేదు.

అవతల సంఘంవాళ్ళు కాలవ నీళ్ళ కోసం తాసిల్దారు దగ్గరికి మూడుసార్లు ఊరేగింపుగా వెళ్ళి, మూడుసార్లూ ఆయన లేక తిరిగొచ్చారు. నారాయణమూర్తి పంచాంగం తీశాడు. "రాహుకాలంలో బయలెళ్తే ఆయన ఎలాగ దొరుకుతాడ్రా? గురువారం పది దాటాక కదలండి" అన్నాడు. జెండాకి ఇంత కుంకుమ కూడా పెట్టాడు. ఎలాగూ ఎరుపే కదా అని ఎవరూ కాదనలేదు. వెళ్ళేసరికి తాసిల్దారు కుర్చీలోనే ఉన్నాడు. నారాయణమూర్తి రాసిన అర్జీ చదివి, ఇంత చక్కటి రాత చూడలేదని మెచ్చుకుని, తూము ఎత్తించాడు. కూలీలు నారాయణమూర్తిని భుజాల మీద ఊరికి తెచ్చారు. ముందు "జై శ్రీరామ్" అనబోయి నాలిక్కరుచుకుని, ఆయన "జిందాబాద్" అన్నాడు.

ఆ శుక్రవారం కాంపౌండరు రామమందిరం ముందు నుంచి వెళుతూ, "రాతికి ఎన్ని తాళాలు కొడితే ఏటి లాభం సోములు గారూ?" అన్నాడు, ఎప్పటిలాగే, మెచ్చుకుంటాడనుకుని. సోములు సైకిలు హాండిలు పట్టుకుని ఆపేశాడు.

"మా రాముణ్ణి ఏటంటావు? ఐర్లండు మూల మీద వేలు తీసి మాటాడు."

అదే వేళకి ధర్మసభ మిత్రుడొకాయన టెక్కలి నుంచి వచ్చి, "ఏమిటి మూర్తీ, ఆ నాస్తికుల్లో కలిశావట" అన్నాడు. నారాయణమూర్తి ఆయనకి మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా, "మా సంఘాన్ని అంటే బాగుండదు. తూము ఎత్తించింది మీ సభా, మా సంఘమా?" అని గుమ్మం చూపించాడు. ఆ పూట పేపరులో మళ్ళీ ట్యాంకుల వార్త ఉంది. నారాయణమూర్తి పేజీ తిప్పేశాడు. "అది ఆళ్ళ స్నేహం. మనకేటి?" అన్నాడు.

తలుపు వెనక నిలబడి తాయారు అంతా విన్నది. మనుషులు చోట్లు మారారు గానీ, పద్ధతి ఏమాత్రం మారలేదు. తెల్లారితే తనిఖీ.

శనివారం పదింటికి అధికారి వచ్చాడు. సన్నగా, తెల్లగా ఉతికిన చొక్కాతో ఉన్నాడు. చేతిలో తోలు సంచి. మాట తక్కువ. పుస్తకాలు చూశాడు, నంబర్లు చూశాడు, జిగురు వేసిన వెన్నులు చూశాడు. అరుగు మీద ఊరంతా ఉంది. ఆయన సంచీలోంచి రెండు కాగితాలు తీశాడు.

"ఈ ఫిర్యాదుల సంగతి తేల్చాలి. మొదటిది. 'ఎడమ బీరువాలోని ఎర్ర పుస్తకములు విషతుల్యములు. వానిని చదువు రైతుకూలీలు సోమరులై, నాస్తికులై, ఊరికి అరిష్టము తెచ్చుచున్నారు.'"

"ఎవడండీ రాసినోడు?" నారాయణమూర్తి లేచి నిలబడ్డాడు. "మా కూలీల్ని సోమరులంటాడా? పేరు సెప్పండి!"

అధికారి కాగితం చివర చూశాడు. "కూరాకుల నారాయణమూర్తి."

సోములు పొట్ట పట్టుకుని నవ్వాడు. "సూసినారా సార్, ఈయన బుద్ధి!"

"రెండోది," అన్నాడు అధికారి. "'కుడి బీరువాలోని పురాణాలు పుక్కిట కథలు. భజనలు చేసేవాళ్ళు బద్ధకస్తులు, పనిదొంగలు.'"

"పనిదొంగలా?" సోములు నవ్వు తెగిపోయింది. "ఇరవైనాలుగు గంటలు మూడు జట్లుగా పాడినోళ్ళండీ! ఏ పోరంబోకు రాసినాడు?"

అధికారి కాగితాన్ని సోములు వైపే తిప్పి పట్టుకున్నాడు. సోములు తన సంతకాన్ని తనే తేరిపార చూశాడు.

అక్కడితో సిగ్గుపడి కూర్చుంటే కథ వేరు. బావలిద్దరూ ఒకర్నొకరు చూసుకున్నారు. "నేను నాది వెనక్కి తీసుకుంటన్నాను సార్. తీసేస్తే ఆ కుడి బీరువా తీసేయండి" అన్నాడు నారాయణమూర్తి. "నేనూ తీసుకుంటన్నాను. ఆ ఎడంది తీసేయండి" అన్నాడు సోములు. "రాసిస్తాను." "నేనూ రాసిస్తాను."

"అంటే మూడో ఫిర్యాదా?" అధికారి కలం మూత తీశాడు. "నాలుగోది కూడానా?"

ఏడేళ్ళు ఆ కలం మొన మీద నిలబడ్డట్టు అనిపించింది తాయారుకి. అధికారుల ఎదుట పెద్దగా మాట్లాడి ఎరగదు. అయినా కొంగు నడుముకి దోపుకుని అరుగు మధ్యకి వచ్చింది. బస్సువాడు పడేసిపోయిన పేపరు ఇంకా విప్పకుండానే ఉంది.

"అయ్యా, ఒక్క అరగంట ఓర్సుకోండి. ఈ పేపరు వినేసి అప్పుడు రాసుకోండి. ఇన్నాళ్ళూ ఆళ్ళిద్దరూ సదివినారు. ఇయ్యాల నేను సదూతాను."

మొదటి పేజీ మొదటి వరస నుంచి మొదలుపెట్టింది. ముల్లా వచ్చాడు, చదివింది. స్వామీజీ వచ్చాడు, అదే గొంతుతో చదివింది. ఎర్ర దేశం ఎవరో రచయితల్ని జైల్లో పెట్టిన సంగతి చదివింది. ఐర్లండు చదివింది. మతం పేరుతో ఓట్లడిగినవాళ్ళనీ, మతం లేదంటూనే కులం చూసి టిక్కెట్లిచ్చినవాళ్ళనీ చదివింది. ఎక్కడా గొంతు పెంచలేదు, ఎక్కడా తగ్గించలేదు. పేజీ చివర వేలు పెట్టలేదు. నారాయణమూర్తి పాత పక్షం దగ్గర ఒకసారి, కొత్త పక్షం దగ్గర ఒకసారి ఇబ్బందిగా కదిలాడు. సోములూ అంతే. కాంపౌండరు చెప్పులు వెతుక్కున్నాడు గానీ వెళ్ళలేదు. ఎవరికి వాళ్ళకి లేచి పోవాలనే ఉంది. కానీ తరవాత వచ్చేది అవతలివాడి తప్పేమోనన్న ఆశ ఎవర్నీ లేవనివ్వలేదు.

చివరి పేజీ అయ్యేసరికి కూర్మమ్మ గంప సర్దుకుంటూ లేచింది.

"ఓలమ్మా తాయారమ్మా! ఇంత పొడుగేటి పేపరు! ఇన్నాళ్ళూ ఇందల సగం ఎవులింట ఉండిపోనాదమ్మా?"

అధికారి మొదటిసారి నవ్వాడు. కలం మూత పెట్టేశాడు.

"అమ్మా, జిల్లాలో పద్దెనిమిది కేంద్రాలు చూశాను. ఎక్కడికెళ్ళినా ఒక్క రకం పుస్తకాల మీదే ఫిర్యాదు ఉంటుంది. అంటే రెండో రకం అక్కడ లేనే లేవన్నమాట. రెండు బీరువాల మీదా ఫిర్యాదు వచ్చిన ఊరు ఇదొక్కటే. వచ్చే నెల ఒకటి నుంచి ఇది శాఖా గ్రంథాలయం. మీరే గ్రంథపాలకురాలు. పేపరు కూడా మీరే చదవండి."

సంచీలోంచి ఒక రబ్బరు ముద్ర, సిరా పెట్టె తీసి ఆమె చేతిలో పెట్టాడు. తాయారు వాటిని రెండు చేతులా అందుకుంది. ముద్ర మీద తోటపేట పేరు తిరగబడి ఉన్నా, ఒక్క చూపులో చదివేసింది. మొగుడి ముందూ అన్న ముందూ తల ఎత్తుకుని నిలబడడం ఇంత తేలికా అనుకుంది.

తరవాత నెల తాయారు పేపరు రోజూ మొత్తంగా చదివింది. కాలవకి నీళ్ళు వచ్చాయి. అరుగు మీద జనం నలభై అయ్యారు. నెలాఖరున ఒక మధ్యాహ్నం నారాయణమూర్తీ సోములూ కలిసి, భుజం భుజం రాసుకుంటూ వచ్చి, ఇద్దరి సంతకాలూ ఉన్న ఒక కాగితం తాయారు బల్ల మీద పెట్టారు. 'ఈ గ్రంథాలయంలో పేపరు పక్షపాతంతో చదువుచున్నారు. మావాళ్ళ తప్పులు కూడా వినిపించుచున్నారు.'

తాయారు ఆ కాగితాన్ని ఆసాంతం చదివి, 'అందినది' అని రాసి, ముద్ర గట్టిగా కొట్టింది.